కోత చిన్నది, సంతకము పెద్దది



నూలు ధరలు, రిబేటు బాకీలు, అమ్ముడుపోని సరుకు - ఈ పత్రికలో సాధారణముగా చర్చకు వచ్చే సంగతులు ఇవి. వీటి నడుమ వైద్యమును గురించి వ్రాస్తున్నందుకు పాఠకులు ఆశ్చర్యపడనక్కరలేదు. మగ్గము ఆగిపోవుటకు నూలు అందకపోవుట ఒక కారణమైతే, నేతగాడు మంచమెక్కుట మరొక కారణము. మొదటిదానికి సంఘములు ఉన్నవి, మహజరులు ఉన్నవి, అధికారులను కలిసే రాయబారములు ఉన్నవి. రెండవదానికి మాత్రము మనవారు ఒంటరిగానే ఆసుపత్రి మెట్లు ఎక్కుతున్నారు.

ఇటీవల చెన్నపట్టణపు ఆసుపత్రులలో మన సభ్యులు తరచుగా వింటున్న మాట ఒకటి ఉన్నది. "పెద్ద ఆపరేషను అక్కరలేదు, చిన్న రంధ్రము చాలు, రెండు రోజులలో ఇంటికి పోవచ్చును" అని. ఈ మాట విన్నవారిలో రెండు విధముల మనుష్యులను మేము చూస్తున్నాము. ఒకరు "కోత లేదు కదా, ఇందులో ఆలోచించవలసినదేమున్నది" అని ఆనందముతో చూపినచోట సంతకము పెడతారు. మరొకరు "రక్తనాళములోకి తీగ పంపుతారట" అని భయపడి ఇంటికి తిరిగివచ్చి, రోగము ముదిరిన తరువాత మరల పోతారు. ఇద్దరూ చేయని పని ఒకటే. అడగవలసిన ప్రశ్నలు అడగలేదు. కోత చిన్నదైనంత మాత్రమున విషయము చిన్నది కాదనియు, భయపడవలసినంత వింత కూడ కాదనియు చెప్పుటకే ఈ వ్యాసము.

ముందుగా ఈ చికిత్స ఏమిటో తెలిసికొందాము. పడుగులో ఒక పోగు తెగితే మనము గుడ్డనంతా కోసి పారవేయము. తెగినచోటు కనిపెట్టి, ప్రక్క పోగులను కదల్చకుండ, అక్కడ మాత్రమే ముడివేసి పన్నెలోనుండి లాగుతాము. ఈ వైద్యము కూడ అట్టిదే. శరీరమును వెడల్పుగా కోసి తెరచుటకు బదులు, మణికట్టు దగ్గరగాని తొడ మొదటగాని ఒక సూది గుచ్చి, దాని గుండా సన్నని తీగను, తీగ మీదుగా సన్నని గొట్టమును రోగమున్న చోటికి నడిపిస్తారు. కొన్ని రోగములకు రక్తనాళముతో పని లేకుండ చర్మము మీదనుండియే సూదిని నేరుగా పంపుతారు. లోపల చేయి పెట్టి తడిమే వీలు లేదు కనుక, వైద్యుడు ఎదుటనున్న తెరమీద బొమ్మను చూస్తూ పనిచేస్తాడు. ఆ బొమ్మ ఎక్స్‌రే వలన కావచ్చును, అల్ట్రాసౌండు వలన కావచ్చును, సి.టి. స్కాను వలన కావచ్చును. గుండె విషయములో ఈ పని గుండె నిపుణులు చేస్తారు. తక్కిన అవయవములకు దీనిని ప్రత్యేకముగా అభ్యసించిన వారిని ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులు అంటారు.

ఇది నిన్న మొన్న వచ్చిన వింత కాదు. బొమ్మ తీసి రోగము చూచే విద్యకు మన నగరములో పాత పునాది ఉన్నది. జనరల్ ఆసుపత్రి ఆవరణలోని బర్నార్డు రేడియాలజీ సంస్థ 1934లో ప్రారంభమైనది. 1953లో స్వీడన్ దేశపు సెల్డింగర్ అనే వైద్యుడు సూది గుండా తీగను, తీగ మీదుగా గొట్టమును పంపే పద్ధతిని ప్రకటించినాడు. నేటికీ ఈ చికిత్సలలో పెక్కింటికి మొదటి మెట్టు అదే. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరములో చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు దగ్గరకు 82 ఏండ్ల వృద్ధురాలు వచ్చినది. పాదము కుళ్లుతున్నది. కాలు తీసివేయవలెనని శస్త్రవైద్యులు చెప్పినారు, ఆమె ఒప్పుకోలేదు. డాటర్ ఆమె తొడలోని ఇరుకైన నాళమును లోపలి నుండియే వెడల్పు చేసినాడు. కాలు దక్కినది. 1977 సెప్టెంబరులో జూరిక్ నగరములో గ్రుంట్‌జిగ్ అనే వైద్యుడు గుండె నాళములో చిన్న బుడగను ఊది అడ్డును తొలగించినాడు. ఆ విద్యను మన దేశమునకు తెచ్చిన వారిలో ముందుగా చెప్పవలసిన డాక్టరు మాథ్యూ శామ్యూల్ కళరిక్కల్ 1986లో ఇక్కడ ఆ పని ప్రారంభించినారు. వారు చెన్నైలోనే చిరకాలము పనిచేసి 2025లో మరణించినారు.

ఈ చరిత్రలో మనము గమనించవలసినది ఒకటి ఉన్నది. ఆ వృద్ధురాలు కాలు తీయుటకు ఒప్పుకోకపోబట్టి మరియొక మార్గము వెదుకవలసి వచ్చినది. రోగి అడిగిన ప్రశ్నకు వైద్యములో చోటున్నదని ఇంతకంటె మంచి సాక్ష్యము అక్కరలేదు.

ఇప్పుడు మన ఇండ్లలో కనబడే రోగములకు వత్తాము. గుండెనొప్పి వచ్చినప్పుడు మూసుకొనిన నాళమును తెరచి స్టెంటు అనే చిన్న లోహపు జాలీని అమర్చుట అందరూ ఎరిగినదే. మధుమేహము వలన కాలికి రక్తము చాలక పుండు మానకున్నప్పుడు కాలినాళమును తెరచే చికిత్స కూడ ఇట్టిదే. కాలు తీసివేయవలెనని ఎవరైన చెప్పినప్పుడు, "రక్తనాళము తెరచుటకు వీలున్నదేమో చూచినారా" అని ఒకసారి అడుగుట ప్రతి కుటుంబము చేయవలసిన పని. అన్ని కాళ్లూ దీనితో దక్కవు, కాని అడగకుండ పోగొట్టుకొనుట న్యాయము కాదు.

కాలేయములో చీముగడ్డను సూదితో, సన్నని గొట్టముతో తీసివేస్తారు. మూత్రపు దారి మూసుకొని మూత్రపిండము ఉబ్బినప్పుడు వీపు వైపునుండి గొట్టము పెట్టి కాపాడతారు. స్త్రీలకు గర్భాశయములో కాయలు పెరిగి అధిక రక్తస్రావమైతే, కొందరికి గర్భసంచి తీయకుండ ఆ కాయలకు పోయే రక్తమును ఆపి కుదించే మార్గమున్నది. కాళ్లలో ఉబ్బిన నరములను అల్ట్రాసౌండు సాయముతో లేజరు వేడిమిచేతనో, రేడియో తరంగముల వేడిమిచేతనో లోపలనే మూసివేస్తారు. రోగి సాధారణముగా ఆనాడే నడచి ఇంటికి పోతాడు.

పక్షవాతమును గురించి ప్రత్యేకముగా చెప్పవలెను. మూతి వంకరపోవుట, ఒక ప్రక్క చేయి పడిపోవుట, మాట తడబడుట - ఈ మూడింటిలో ఏ ఒకటి కనబడినా అది పసరు వైద్యము కొరకు తిరిగే సమయము కాదు. మెదడు నాళములో గడ్డకట్టిన రక్తమును కరిగించే మందు నాలుగున్నర గంటలలోపల ఇవ్వవలెను. పెద్ద నాళము మూసుకొనినప్పుడు తొడనుండి గొట్టము పంపి ఆ గడ్డను లాగివేసే చికిత్స సాధారణముగా ఆరు గంటలలోపల చేస్తారు. స్కానులో మెదడు ఇంకను బ్రతికియున్నదని కనబడిన కొందరికి 24 గంటల వరకు కూడ చేస్తారు. ఇట్టి రోగిని తెల్లవారిన తరువాత చూద్దామనక 108కి పిలిచి, స్కాను, ఈ చికిత్స రెండూ ఉన్న ఆసుపత్రికే చేర్చవలెను.

మరియొక అపోహ ఉన్నది. "గడ్డలో సూది గుచ్చితే కేన్సరు ప్రాకుతుంది" అని మనవారిలో అనేకులు నమ్మి పరీక్షను తప్పించుకొంటున్నారు. అట్లు జరుగుట చాల అరుదు. ఎక్కువ గడ్డల విషయములో ముక్క తీసి పరీక్షించనిదే అది ఏ జాతి రోగమో, ఏ మందు పనిచేయునో వైద్యులకు తెలియదు. పరీక్ష మానుకొని ఆరు నెలలు గడుపుటలోనే అసలు ప్రమాదము ఉన్నది.

ఇన్ని మేళ్లు చెప్పిన తరువాత రెండవ ప్రక్కను కూడ చెప్పకపోతే మేము మీకు ద్రోహము చేసినవారమవుతాము. రంధ్రము చిన్నదైనా ప్రమాదములు లేకపోలేదు. గుచ్చినచోట రక్తము కారవచ్చును, నాళము చిరగవచ్చును, చీము పట్టవచ్చును. బొమ్మ స్పష్టముగా కనబడుటకు ఎక్కించే అయోడిను కలిసిన మందు కొందరికి పడదు, మూత్రపిండములు బలహీనముగా ఉన్నవారికి హాని చేయవచ్చును. ఎక్స్‌రే, సి.టి. కిరణములు గర్భిణులకు తగవు, అల్ట్రాసౌండులో ఆ కిరణములు లేవు. అన్ని రోగములకు ఈ మార్గము చాలదు కూడ. కొందరికి గుండె బైపాసు వంటి పెద్ద శస్త్రచికిత్సయే మేలు. "కోత లేని వైద్యము చేయనివాడు పాతకాలపు వైద్యుడు" అని తేల్చివేయుట తప్పు.

కొందరికి ఏ తీగయు అక్కరలేదు, మందులే చాలును. ఈ సంగతి ఎవరూ గట్టిగా చెప్పుట లేదు కనుక మేము చెప్పుతాము. గుండెపోటు వచ్చినవానికి తక్షణము నాళము తెరచుట ప్రాణము నిలిపే పని, అక్కడ ఆలస్యము కూడదు. కాని నడిచినప్పుడు మాత్రమే నొప్పి వచ్చి, కూర్చుంటే తగ్గిపోతూ, నెలల తరబడి ఒకే తీరున ఉన్నవారి సంగతి వేరు. ఇట్టివారు 5,179 మందిని అనేక దేశములలో పరిశీలించి 2020లో ఫలితములు ప్రకటించినారు. మొదటనే స్టెంటుగాని బైపాసుగాని చేసినందువలన మరణములు, గుండెపోట్లు మందులు మాత్రమే వాడినవారికంటె చెప్పుకోదగినంతగా తగ్గలేదని తేలినది. నొప్పి ఎక్కువగా ఉన్నవారికి నొప్పి తగ్గిన మాట నిజము. ముఖ్యమైన ఎడమ నాళము మొదట మూసుకొనినవారిని ఆ పరిశీలనలో చేర్చలేదు. కావున "నాది తొందరపడవలసిన రోగమా, నిదానించదగిన రోగమా? మందులతో చూడవచ్చునా?" అని అడుగుట అవివేకము కాదు, వైద్యుని అవమానించుట అంతకంటె కాదు.

చికిత్సకు ముందు రోగి వైద్యునికి దాచకుండ చెప్పవలసినవి కొన్ని ఉన్నవి. మధుమేహము, మూత్రపిండముల జబ్బు, ఉబ్బసము ఉన్నవా? లోగడ ఏ మందైన పడక దద్దురులు వచ్చినవా? రక్తము పలచబరచే మందులు వాడుతున్నారా? స్త్రీలైతే గర్భము ఉన్నదా, ఉండవచ్చునని అనుమానమా? నాటుమందులు తింటున్నా ఆ మాట కూడ చెప్పవలెను. వాడుతున్న బిళ్లల అట్టలను ఒక సంచిలో వేసికొని పోవుట అన్నిటికంటె సులువు. ఏ మందు ఆపవలెనో, ఏది ఆపకూడదో వైద్యుడే చెప్పవలెను. ఎదురింటివారు చెప్పినారని రక్తము పలచబరచే మందును ఆపినవారు ప్రాణము మీదికి తెచ్చుకొనవచ్చును. మధుమేహ రోగులు "ఎన్ని గంటలు పస్తుండవలెను, ఆ పూట ఇన్సులిను ఎంత" అని ముందే అడిగి తెలిసికొనవలెను.

చికిత్స తరువాతి జాగ్రత్తలలో మనవారు ఎక్కువగా తప్పేది స్టెంటు బిళ్లల విషయములో. ఖర్చు ఎక్కువనో, బాగుగా ఉన్నదనో రెండు నెలలకే మానివేస్తారు. స్టెంటులో రక్తము గడ్డకట్టి మరల గుండెపోటు వచ్చే ప్రమాదము అక్కడనే ఉన్నది. మామూలుగా రెండు రకముల బిళ్లలు కొన్ని నెలలు, తరచుగా ఒక సంవత్సరము, కలిపి వాడవలసి ఉంటుంది. ఎంతకాలమో కాగితము మీద వ్రాయించుకొనవలెను. గుచ్చినచోట రక్తము కారితే వ్రేళ్లతో గట్టిగా అదిమిపట్టి వెంటనే సాయము పిలవవలెను. జ్వరము, ఊపిరి ఆడకపోవుట, కాలో చేయో చల్లబడి తిమ్మిరెక్కుట, మూత్రము తగ్గుట కనబడితే మరునాటికి వాయిదా వేయరాదు.

మన వృత్తికి సంబంధించిన ప్రశ్న కూడ ఒకటున్నది. ఆసుపత్రివారికి మగ్గము తెలియదు. "తేలిక పనులు చేసికోవచ్చును" అని వారంటే, గుంటమగ్గములో కూర్చుని తొక్కుడు పలకలు తొక్కుట, రోజంతా కుడిచేతితో నాడె తాడు లాగుట తేలిక పనులని మనవారు అనుకొంటారు. తొడలో గుచ్చినవారికి మొదటిది, మణికట్టులో గుచ్చినవారికి రెండవది తేలిక కావు. మన పని ఎట్లుండునో చేతులతో చేసి చూపించి, "ఎన్ని దినములకు మగ్గమెక్కవచ్చును" అని అడగవలెను. చేయి గుచ్చుదురా, తొడ గుచ్చుదురా అని ముందే తెలిసికొంటే ఇంటివారు కూలి సంగతి చూచుకొనుటకు వీలుంటుంది.

ఇక సంతకము. మన సభ్యులలో ఒకరు తాము సంతకము చేసిన కాగితపు నకలు తీసికొని మా కార్యాలయమునకు వచ్చి, "ఇందులో ఏమున్నదో చదివి చెప్పండి" అని అడిగినారు. చికిత్స అప్పటికి అయిపోయి నాలుగు రోజులైనది. దేవుని దయవలన ఆయన క్షేమముగానే ఉన్నారు. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అవసరము లేదు, అది ఒక్కచోటి సంగతి కాదు. చిలప నూలు తీసికొనేటప్పుడు నంబరు చూచి, తూకము చూచి, రెండుసార్లు లెక్కపెట్టి గాని సంఘము పుస్తకములో వ్రేలు పెట్టని మనిషి ఆయన. తన శరీరమునకు సంబంధించిన కాగితములో మాత్రము చదువని మూడు పుటల క్రింద సంతకము చేసినారు.

చట్టము ఈ విషయములో రోగి పక్షముననే ఉన్నది. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ప్రతి కుటుంబము తెలిసికొనవలెను. లోపల చూచే పరీక్షకు మాత్రమే ఒప్పుకొనిన స్త్రీకి, ఆమె స్పృహలో లేనప్పుడు గర్భసంచిని తీసివేసిన కేసు అది. పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు సమ్మతి కాదనియు, ఒక చికిత్సకు ఇచ్చినది మరియొకదానికి చెల్లదనియు, ప్రాణము కాపాడుటకు తక్షణము అవసరమైనప్పుడు మాత్రమే దీనికి మినహాయింపనియు కోర్టు చెప్పినది. చికిత్స స్వరూపము, దాని వలన కలిగే లాభము, ప్రమాదము, వేరు మార్గములు, చేయించుకొనకపోతే జరిగేది - ఇవన్నియు రోగికి తగినంతగా తెలుపవలెనని కూడ చెప్పినది. యాంజియోగ్రాము అనే పరీక్షకు పోయినప్పుడు బల్లమీదనే "ఇప్పుడే స్టెంటు కూడ వేస్తాము" అనే మాట తరచుగా వస్తుంది. కొన్ని వేళల అది న్యాయమే. అయితే అట్లు రావచ్చునా, వస్తే ఏమి చేయవలెనో ముందురోజే మాట్లాడుకొని వ్రాసికొనుట ఉభయులకు మంచిది.

రోగికి తెలిసిన భాషలో సంగతులు వివరింపవలెనని జాతీయ మానవహక్కుల సంఘము 2018లో సిద్ధపరచిన రోగుల హక్కుల పత్రము చెప్పుతున్నది. ఈ నగరములో తెలుగువారు నిన్న వచ్చినవారు కారు. 1734లో నేతపనివారి కొరకు ఏర్పడి, చిన్న తరి పేట అనే పేరుతో, అనగా చిన్న మగ్గముల పేటగా వెలసిన చింతాద్రిపేట జనరల్ ఆసుపత్రికి ఎంతో దూరములో లేదు. అయినా సమ్మతి పత్రములు తమిళములోనో, ఇంగ్లీషులోనో ఉంటున్నవి. ఇది తమిళము మీద ఫిర్యాదు కాదు. మన పిల్లలు తమిళములో చదువుతున్నారు, మనము బజారులో మాట్లాడుతున్నాము. కాని అరవై ఏండ్ల నేతగత్తె తన గర్భసంచిని గురించి, గుండెను గురించి నిర్ణయము చేసికొనవలసిన సమయమున తన ఇంటి భాషలో ఒక్కసారి వినవలెనని కోరుట అత్యాశ కాదు.

ఖర్చు విషయమున రెండు మాటలు. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ధరల సంస్థ గుండె స్టెంటులకు గరిష్ఠ ధర నిర్ణయించినది. మందుపూత స్టెంటుకు అప్పుడు పెట్టిన ధర 29,600 రూపాయలు. అంతకుముందు అదే వస్తువుకు లక్ష దాటి చెల్లించినవారు మనలోనే ఉన్నారు. తరువాత ఈ ధర సవరింపబడుతూ వచ్చినది గనుక నాటి ధర ఎంతో అడిగి తెలిసికొనవలెను. స్టెంటు ధరను, దాని కంపెనీ పేరును, బ్యాచి నంబరును బిల్లులో వేరుగా చూపవలెనని ఆ ఉత్తరువులోనే ఉన్నది. తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకము క్రింద అర్హతగల కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల వరకు చికిత్స లభిస్తుంది. అది తెలుగువారికి వేరు, తమిళులకు వేరు కాదు, ఈ రాష్ట్రపు రేషను కార్డు, ఆదాయపు పత్రము కావలెను. రోగము వచ్చిన తరువాత కార్డు కొరకు తిరుగుట కంటె, ఆరోగ్యముగా ఉన్ననాడే తీసికొనుట మేలు. ఏ ఆసుపత్రిలో ఏ చికిత్స ఆ పథకములో ఉన్నదో చేరకముందే విచారించవలెను. చికిత్స కాగితముల నకళ్లు అడిగితే 72 గంటలలోపల ఇవ్వవలెనని 2002 నాటి వైద్యమండలి నిబంధన ఉన్నది. అడిగి తీసికొని ఇంట భద్రపరచవలెను.

"ఇన్ని ప్రశ్నలడిగితే డాక్టర్లకు కోపము రాదా" అని మన పెద్దలు కొందరు అంటున్నారు. పెద్ద ఆసుపత్రులలో వైద్యులకు ఊపిరి సలపని పని ఉన్నమాట మేము కాదనము. అందుచేతనే ప్రశ్నలు ముందుగా వ్రాసికొని పొమ్మంటున్నాము. "ప్రమాదములు వింటే రోగి ధైర్యము చెడుతుంది" అని మరికొందరు అంటున్నారు. దాచిపెట్టిన ధైర్యము మొదటి రక్తపు చుక్కతో పోతుంది. తెలిసి తెచ్చుకొనిన ధైర్యము నిలుస్తుంది.

మా సూచనలు మూడు. ఒకటి, ప్రతి సంఘ కార్యాలయములో తెలుగులో ఈ ప్రశ్నల కాగితము ఉంచవలెను: నా రోగము పేరేమిటి? ఈ చికిత్స ఎందుకు? వేరు మార్గమేమి? చేయించుకొనకపోతే ఏమగును? ప్రమాదములేవి? ఎవరు చేస్తారు, ఇట్టివి ఎన్ని చేసినారు? ఏ మందు ఆపవలెను, ఏది ఆపకూడదు? మొత్తము ఖర్చెంత, పథకము భరించేదెంత? ఎప్పుడు మగ్గమెక్కవచ్చును? రాత్రివేళ కష్టము వస్తే ఎవరిని పిలువవలెను? రెండు, తమిళము, ఇంగ్లీషు చదువగల ఇద్దరిని ప్రతి సంఘము నియమించి, కోరిన సభ్యులకు ఆసుపత్రికి తోడు పంపవలెను. మూడు, సమ్మతి పత్రములు తెలుగులో కూడ ఉండవలెనని నగరములోని ఆసుపత్రులకు, ఆరోగ్యశాఖకు మన సంఘములన్నియు కలిసి మహజరు పంపవలెను.

వీటిలో మొదటి రెండింటికి ప్రభుత్వపు ఉత్తరువు అక్కరలేదు, పెద్ద ధనము అక్కరలేదు. రాబోవు సర్వసభ్య సమావేశములలో కార్యదర్శులు ఈ తీర్మానములను ప్రవేశపెట్టవలెనని కోరుతున్నాము. ప్రశ్నల కాగితమును వ్రాసి నకళ్లు తీయించే పని మా సంఘము తీసికొంటున్నది. కావలసిన సంఘములవారు మనిషిని పంపి తీసికొనిపోవచ్చును.